మొదటి తాంబూలం ఎవరికని

మా అమ్మాయి పెళ్ళి కుదిరిందని సంతోషపడటానికి నాకు ఒక పూటైనా మిగల్లేదు. పొద్దున్న మగపెళ్ళివారు సరేనని కబురు పంపారు. మధ్యాహ్నం అన్నాలు తింటుంటే మా అత్త కంచంలోంచి తలెత్తకుండానే అడిగింది, "మొదటి తాంబూలం ఎవులికిస్తారేటి?" నా ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మా ఆయన వంక చూశాను. ఆయన చేపముల్లు ఏరుకుంటున్నట్టు నటించాడు.

తెలియనివాళ్ళకు ఇది నవ్వొచ్చే సంగతే. మా సముద్రం ఒడ్డు ఊళ్ళలో తెలిసినవాళ్ళెవరూ నవ్వరు. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పందిట్లోకి తెచ్చేముందు కులపెద్ద ఒక పళ్ళెంలో ఆకు, వక్క, అరటిపళ్ళు, కొబ్బరికాయ పెట్టి పట్టుకుంటాడు. ఆడపెళ్ళివారి తరఫున ఎవరు అందరికన్నా ఘనమైనవాడో ఆ చేతికి ఇస్తాడు. అతను అందుకున్నాకే మేనమామలు బుట్ట ఎత్తుతారు. పొరపాటున వేరే చేతిలో పెట్టారో, ఆ అందుకోవాల్సినవాడు తువ్వాలు దులిపి లేచిపోతాడు. వెనకే అతని మనుషులంతా లేస్తారు. అలా లేచిపోయి, ఒకరి చావుకొకరు వెళ్ళని అన్నదమ్ములు మా వీధిలోనే ఉన్నారు.

మాకు ఆ ఘనమైనవాళ్ళు ఇద్దరయ్యారు. అదీ నా ఖర్మ.

ఒకరు మా బావగారు, మా ఆయనకు అన్న. భోగాపురం వైపు ఇప్పుడు ఎటు చూసినా లారీలు, క్రేన్లు, విమానాశ్రయం బోర్డులు కనిపిస్తాయి గానీ, నేను కోడలిగా వచ్చిన కొత్తలో మా ఊరికి రోడ్డు లేదు. బస్సు దిగి ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ రావాలి. ఆ ఇసుక మీద రోడ్డు పడిందంటే బావగారి వల్లే. ఎమ్మార్వో ఆఫీసని, కలెక్టరేటని, ఏళ్ళ తరబడి విజయనగరం తిరిగి తిరిగి వేయించాడు. ఆయన భార్య నేను రాకముందే పోయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

రెండోవాడు మా అన్న. నా తోడబుట్టినవాడు ఒక్కడే. మా పుట్టినూరు శ్రీకాకుళం అవతల, వంశధార సముద్రంలో కలిసే చోటుకు దగ్గర. ఒక తుపాను రోజున ఊరి బోటు ఒకటి ఒడ్డు దాకా వచ్చి, పెద్ద అలల్లో బోల్తా కొట్టింది. మా అన్న నడుముకు తాడు కట్టుకుని, ఆ చివర ఒడ్డున వాళ్ళకిచ్చి, నీళ్ళలోకి దూకాడు. ఒకణ్ణి తెచ్చి పడేసి మళ్ళీ దిగాడు. మళ్ళీ ఒకణ్ణి తెచ్చాడు. అలా ఇంచుమించు బోటులో ఉన్నవాళ్ళందర్నీ తెచ్చాడు. ఇంచుమించు అని ఎందుకన్నానో తర్వాత చెప్తాను.

మా అన్నకు తాంబూలం ఇవ్వకపోతే మా పుట్టింటివాళ్ళు లేస్తారు. వాళ్ళు లేస్తే బుట్ట ఎత్తే మేనమామ ఉండడు. మేనమామ లేకుండా పిల్ల పందిట్లోకి నడిచొస్తే జీవితాంతం ఎత్తిపొడుస్తారు. బావగారికి ఇవ్వకపోతే మా అత్తింటివాళ్ళు లేస్తారు. అప్పుడు అసలు పందిరే ఉండదు. నాకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. అంగన్‌వాడీలో పిల్లలకు పాట చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. పిల్లలు నా మొహం చూసేవారు.

మా అమ్మాయి విజయనగరంలో ల్యాబులో పనిచేస్తుంది. రక్తాలు పరీక్ష చేస్తుంది గనుక దానికి దేనికీ కంగారు లేదు. ఫోన్లో అంతా విని, "అమ్మా, ఎవరు గొప్పోళ్ళో తేలాక నాకు మెసేజ్ పెట్టు. అప్పుడే పెళ్ళికి సెలవు పెడతాను" అంది. దాని నోరు నా పోలికే. తిట్టి ఫోను పెట్టేశాను.

ఊరికి మాత్రం భలే పని దొరికింది. అరుగుల మీద, బోట్ల నీడన, టీ బడ్డీ దగ్గర, ఎక్కడ చూసినా ఇదే తూకం. ప్రాణం కాపాడటం పెద్దదా, రోడ్డు పెద్దదా? ప్రాణం ఒక్కరోజు పని, రోడ్డు ఏళ్ళ పని. రోడ్డు వల్ల బతికినవాళ్ళను కూడా కలపాలి కదా? అలా కలిపితే, ఆ బోటువాళ్ళ పిల్లల్ని కూడా కలపాలి కదా? చేపలు కోసుకుంటూ ఆడవాళ్ళు కూడా రెండు జట్లయ్యారు. నేను నెలకోసారి పసిపిల్లల్ని తూచి బరువు రాసే మనిషిని. పక్క పిల్లాడి కన్నా తన పిల్లాడు తక్కువ తూగితే తల్లుల మొహం ఎలా పడిపోతుందో చూస్తుంటాను. ఇంత వయసొచ్చిన మగాళ్ళను కాటా మీదికి ఎక్కించడం చూస్తుంటే నాకు భయం పుట్టింది.

మా ఆయన ఉపాయం చెప్పాడు. "ఏటే, కులపెద్దలు కూకుని తేల్సేస్తే మనకేటి గొడవ? ఇద్దరి తరఫోల్లనీ పిలిసి మాటాడించీస్తాను."

"మాటాడించీసి?"

"గనత ఎవులిదైతే ఆలకి."

"ఘనత కొలవడానికి టేపు పట్టుకొస్తారా?" అన్నాను. ఆయన వినలేదు. మా ఆయనకు ఎవరో ఒకరు తన నెత్తి మీది బరువు దించేస్తే చాలు, ఎక్కడ దించారో చూసుకోడు.

వేటకు వెళ్ళని రోజు చూసి రామకోవెల దగ్గర కూర్చున్నారు. మా అన్న వచ్చాడు. వాడికి తోడు మా పెదనాన్న కొడుకు వచ్చాడు. మా అన్నకు రావడం ఇష్టం లేదని నడకలోనే తెలిసింది. వచ్చి నన్ను పలకరించి, "గుంట ఏదే?" అని మేనగోడలి కోసం అడిగాడు. ఊళ్ళో లేదన్నాను. ఇంక మాట్లాడకుండా ఒక మూల కూర్చున్నాడు. బావగారు ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆడవాళ్ళం మెట్ల మీద కూర్చున్నాం.

మొదట మర్యాదగానే సాగింది. కులపెద్ద ఇద్దర్నీ పొగిడాడు. మా పెదనాన్న కొడుకు లేచి తుపాను కథంతా చెప్పాడు. అలలు ఎంత ఎత్తు లేచాయో చేతులెత్తి చూపించాడు. వాడు ఆ రోజు ఊళ్ళోనే లేడు, పెళ్ళాం వాళ్ళింటికి వెళ్ళాడు. అయినా చక్కగా చెప్పాడు. అక్కడితో ఆగొచ్చు కదా! ఆగలేదు.

"రోడ్డుదేటుంది? ఎయిర్‌పోర్టొచ్చిన కాడ రోడ్డు రాదేటి? ఎవులు తిరిగినా తిరక్కపోయినా వచ్చీదే" అనేశాడు.

బావగారు కళ్ళు దించుకున్నాడు. ఆయన పక్కనే కూర్చున్నవాడు, మా ఆయనకు చిన్నాన్న కొడుకు, అగ్గయిపోయాడు. వాడొక నోటి దురదగాడు. లేచి నిలబడి, వేలు మా అన్న వైపు పెట్టి అన్నాడు.

"అందర్నీ తెచ్చీసినాడు, అందర్నీ తెచ్చీసినాడంతన్నారు. మరి ఆ ఆకరి కుర్రోడినేటి సేసినాడు? ఆణ్ణెందుకు తేనేకపోనాడు? అదీ సెప్పండి!"

నేనింతకు ముందు చెప్పకుండా ఆపింది ఇదే. ఆ బోటులో ఆఖరివాడు మా అన్నకు అందలేదు. వాడు మాకు వరసకు తమ్ముడు. మా వెనక వీధి చిన్నాన్న కొడుకు. నా పెళ్ళిలో నాకు అడ్డం తిరిగి, కట్నకానుకల్లో తనకు కొత్త చొక్కా రాలేదని ఏడ్చిన పిల్లాడు. మా అన్న వాడికోసం కూడా దిగాడు. కానీ అప్పటికే ఒంట్లో సత్తువ అయిపోయి మునిగిపోతుంటే, ఒడ్డున ఉన్నవాళ్ళు తాడు పట్టి వెనక్కి లాగేశారు. లాగొద్దని మా అన్న అరిచాడట. వాళ్ళు లాగేశారు.

"నీ నోరు పడిపోనూ!" అని నేను మెట్ల మీదనుంచే లేచాను. "నువ్వు మోకాలి లోతు నీళ్ళలో దిగడానికి పంచె ఎగ్గట్టుకుంటావు, నువ్వా అడిగేది?" మా అత్త నా కొంగు పట్టి కిందికి లాగుతోంది. అందరూ ఒకేసారి అరవడం మొదలెట్టారు. ఆ అరుపుల్లో మా అన్న లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను వెనక పరుగెత్తాను. అప్పటికే వాడు ఆటో ఎక్కేశాడు.

ఆ సాయంత్రం నుంచి వాడి ఫోను మోగుతూనే ఉంది, ఎత్తడం లేదు. మా వదినకు చేశాను. ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది. "తిన్నేదమ్మా. ఏటడిగినా మాటాడ్డు. పెల్లికి నాను రాను, మీరెల్లండి, నన్ను ఎవులితోటీ తూయొద్దని సెప్పండి అన్నాడు. అంతే."

పెళ్ళికి రాకపోతే బాధే. కానీ నా భయం అది ఒక్కటే కాదు. ఆ తుపాను తర్వాత మా అన్న చాలాకాలం మనిషిలా లేడు. వలలు ముట్టుకోలేదు. పొద్దున్న లేస్తే ఒడ్డుకు పోయి నీళ్ళ వంక చూస్తూ కూర్చునేవాడు. ఎండ నెత్తి మీదికొచ్చినా లేచేవాడు కాదు. మా వదిన గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది, వీడు ఎటైనా వెళ్ళిపోతాడేమోనని. శ్రీముఖలింగం తీసుకెళ్ళి నదిలో స్నానం చేయించి, దణ్ణం పెట్టించి, ఏవేవో చేస్తే, మెల్లగా మళ్ళీ బోటెక్కాడు. మా అమ్మాయి అప్పుడు చిన్నపిల్ల. దాన్ని భుజానికెత్తుకుని తిప్పుతూ తిప్పుతూ మామూలు మనిషయ్యాడని మా వదిన అంటుంది. ఇప్పుడు ఒక్క మాటతో వాణ్ణి మళ్ళీ ఆ ఒడ్డు మీద కూర్చోబెట్టేశారు. వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఎందుకొచ్చిన తాంబూలం, ఎందుకొచ్చిన ఘనత! ఆకు, వక్క, రెండు అరటిపళ్ళ కోసం నా అన్నను చంపేస్తున్నారు అనిపించింది.

మా ఆయన "తగ్గుతాదిలే" అన్నాడు. ఆయనతో ఆ రోజంతా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే బావగారు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన నాతో సూటిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. ఎప్పుడూ మా అత్తకో మా ఆయనకో చెప్పి నాకు చెప్పిస్తాడు. ఆ రోజు మాత్రం నా వైపే చూసి, "అమ్మా, తయారవ్వు. మీ అన్న కాడికెల్లొద్దాం" అన్నాడు. నేను చీర కూడా మార్చుకోకుండా బయల్దేరాను.

బస్సులో ఆయన వెనక, నేను ముందు ఆడవాళ్ళ సీట్లో. శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు మారేటప్పుడు నాకు టీ ఇప్పించాడు. ఏం మాట్లాడతారు బావగారూ అని అడగాలని ఉంది. అడగలేకపోయాను. ఆయన కూడా టీ గ్లాసు పట్టుకుని ఊదుతూనే ఉన్నాడు, తాగలేదు. అది చూసి నాకు కంగారు ఇంకా పెరిగింది.

ఊళ్ళో మా అన్న ఇంట్లో లేడు. వదిన ఒడ్డు వైపు చెయ్యి చూపించింది. వెళ్ళి చూస్తే బోటు నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. చేతులు ఆడుతున్నాయి. నాకు ఊపిరి వచ్చింది. మమ్మల్ని చూసి లేచి, బావగారికి కూర్చోడానికి తువ్వాలు పరిచాడు.

"ఎందుకొచ్చీసినావు బావా ఇంత దూరం? తాంబూలం నువ్వే తీస్కో. నాను ఎవులికీ అడ్డు రాను."

"నాకొద్దు బావా. నువ్వే తీస్కోవాల."

"నాకేటున్నాది? నువ్వు రోడ్డు తెచ్చినోడివి. ఎంతమంది ఆడోల్లు ఆ రోడ్డెక్కి ఆస్పత్రికెల్లి పిల్లల్తోటి తిరిగొచ్చినారు!"

"కాయితాలట్టుకు తిరగడం కూడా ఒక పనేటి? నువ్వు పేనాలకి తెగించినావు."

"తెగింపేటి బావా, నడుంకి తాడున్నాది కదా. లాగీవోల్లున్నారు."

"అయినా నువ్వే..."

"కాదు, నువ్వే..."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "చాలు ఆపండి!" అన్నాను. బావగారి ముందు అలా గొంతు లేపడం అదే మొదలు. "ఊళ్ళోవాళ్ళు మావాడు గొప్పంటే మావాడు గొప్పని కొట్టుకున్నారు. మీరిద్దరూ నువ్వు గొప్పంటే నువ్వు గొప్పని కొట్టుకుంటున్నారు. ఏం తేడా ఉంది? అదే కాటా! నాకు గొప్పోళ్ళు అక్కర్లేదు. నా కూతురి పెళ్ళికి మేనమామ కావాలి, పెదనాన్న కావాలి. వస్తారా, రారా? అది చెప్పండి."

కాసేపటికి బావగారు ఇసుక వేళ్ళతో కెలుకుతూ మాట్లాడాడు. మాతో కాక ఆ ఇసుకతో మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"మా ఆడమనిషికి నొప్పులొస్తే మంచం మీదెట్టి మోసినాం. ఇసకలో కాలు దిగడిపోతాది, నడక సాగదు. బస్సు రోడ్డు కనపడతన్నాది, అల్లదిగో, కనపడతానే ఉన్నాది. సేరనేదు. ఆమె పోయిన ఎన్నేల్లకో రోడ్డొచ్చినాది. దాన్ని సూపెట్టి నన్ను గొప్పోడంతారు. ఆ మాటిన్నప్పుడల్లా నాకు ఆ మంచమే అగుపిస్తాది బావా. ఇంకెవులితోటీ సెప్పనేదు."

మా అన్న చేతిలో వల వదిలేశాడు. నేను కోడలిగా వెళ్ళి ఇన్నేళ్ళయినా ఆయన నోట ఆవిడ ప్రస్తావన వినలేదు. ఆయన ముందు అరిచినందుకు సిగ్గేసింది.

"మరి వస్తావా బావా?" అని అడిగాడు బావగారు.

మా అన్న నా వంక చూసి అన్నాడు, "సిన్నాన్న కూడా వస్తాడు కదే పెల్లికి."

చిన్నాన్న అంటే ఆ పోయిన పిల్లాడి తండ్రి. "వస్తాడు, పిలిచాం" అన్నాను.

"ఆయన పందిట్లో కూకుంటాడు. ఆయన కల్లముందర నాను పిల్లని ఎత్తుకోవాలా? ఊరందర్నీ ఎత్తినోడు నా కొడుకునెత్తనేదు, మేనగోడల్ని మాత్రం ఎత్తుతన్నాడు అనుకోడేటి?"

"ఎప్పుడైనా ఆయన నిన్ను ఒక్క మాటన్నాడా?"

"అన్నేదు. అదే నా బయం. అంటే బాగున్ను."

వస్తానని చెప్పించుకోవాలని ఎంతో ప్రయత్నించాం. చివరికి "సూద్దాం" అన్నాడు. మా అన్న సూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి పొలాలు చూస్తూ, పెళ్ళి ఆపేస్తే బాగుండునా అని కూడా అనుకున్నాను.

పెళ్ళి పగటి ముహూర్తం. ఆ ఉదయం పందిట్లో బ్యాండు మోగుతుంటే నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించడం లేదు. లోపల అమ్మాయికి పూలజడ కుడుతున్నారు. నేను గుమ్మంలో కనపడగానే అడిగింది.

"మావయ్య వచ్చాడా?"

"వస్తాడు."

"వస్తాడు అంటున్నావంటే రాలేదు" అని ఊరుకుంది. ఎప్పుడూ ఎదురు మాట్లాడే పిల్ల అలా ఊరుకోవడం నేను తట్టుకోలేకపోయాను. పెట్టెలో ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగాను.

మా పుట్టినూరి నుంచి వ్యాను వచ్చింది. ఒక్కొక్కరే దిగుతున్నారు. పిల్లలు, ఆడవాళ్ళు, మా పెదనాన్న కొడుకు, ఆఖరున మా వదిన. ఆమె నా కళ్ళలోకి చూడలేదు. దగ్గరికెళ్ళి భుజం పట్టుకుంటే అప్పుడు చెప్పింది, "పొద్దున లెగిసి సూస్తే నేడు. ఫోను ఇంట్లోనే ఒగ్గీసినాడు. ఒడ్డుకెల్లి సూసినాను, బోటు కాడా నేడు."

చిన్నాన్న కోసం చూశాను. ఆయన కూడా వ్యానులో రాలేదు. కోవెల దగ్గర ఆ నోటి దురదగాడి మాట ఆయన దాకా వెళ్ళే ఉంటుంది, తన కొడుకు పేరు అలా అందరి నోళ్ళలో నానిన పెళ్ళికి ఎందుకొస్తాడు అనుకున్నాను. ఆయన రాకపోవడం గురించి నాకు అప్పుడు బాధ కూడా లేదు. నా మనసంతా నీళ్ళ మీదే ఉంది. పందిట్లో నిలబడి అందరికీ నవ్వుతూ నమస్కారం పెడుతున్నాను, సముద్రం చప్పుడు వినపడినప్పుడల్లా అటు తిరుగుతున్నాను.

పంతులు గారు తొందరపెట్టాడు. కులపెద్ద తాంబూలం పళ్ళెం పట్టుకుని లేచాడు. మా ఆయన చిన్నాన్న కొడుకు, ఆ నోటి దురదగాడే, "ఇంకెవులికిస్తారు? రానోడికి ఇస్తారేటి? అన్నియ్యకే ఇచ్చీయండి" అన్నాడు. మా పుట్టింటివాళ్ళు లేవబోయారు. బావగారు లేచి, "నాను ముట్టుకోను. బావ రావాల" అని నిలబడ్డాడు. పళ్ళెం పట్టుకున్న మనిషి ఎటు తిరగాలో తెలియక అక్కడే ఆగిపోయాడు. మగపెళ్ళివారు గుసగుసలాడుకుంటున్నారు.

అప్పుడు పందిరి బయట ఆటో ఆగింది. ముందు చిన్నాన్న దిగాడు. బక్కచిక్కిన ముసలాయన, వంగిన నడుము. దిగి, లోపలికి చెయ్యి పెట్టి, మా అన్న మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. నేను చెప్పులు లేకుండా ఎండలో పరుగెత్తి మా అన్న చొక్కా పట్టుకున్నాను. బతికున్నాడు, మాసిన గడ్డంతో ఉన్నాడు, నాకది చాలు.

"తెల్లారీసరికి మా అరుగు మీద కూకున్నాడు" అన్నాడు చిన్నాన్న నాతో. "ఏట్రా అంటే మాటాడ్డు. ఏడుస్తాడు. గెడ్డం గీసుకోరా, పెల్లికెల్లాల అంటే, నువ్వు రమ్మంటే ఎల్తాను సిన్నాన్నా అంతాడు. నన్నడగడమేటి? నానేటి, కలట్టర్నేటి? అందుకే ఆల్సిమయినాది."

పందిట్లోకి నడిపించుకుని వచ్చాడు. చెయ్యి మాత్రం వదల్లేదు. కులపెద్ద పళ్ళెం పట్టుకుని మా అన్నకు ఎదురెళ్ళాడు. మా అన్న పళ్ళాన్ని ముట్టుకోకుండా, "సిన్నాన్నకియ్యండి" అన్నాడు. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆ మాట ఎంత సుఖంగా అన్నారో! సమస్య తీరిపోయిందన్న తేలిక అందరి మొహాల్లో కనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

చిన్నాన్న పళ్ళెం వంక చూశాడు.

"నాకేటికి?" అన్నాడు. "నా కొడుకు పోనాడనా?"

కులపెద్ద పళ్ళెం కాస్త కిందికి దించాడు.

"ఇన్నానర్రా నానంతా. ఆలు పెద్దా ఈలు పెద్దా అని తూకమేసుకుని, సాలక నా కొడుకుని రాయి సేసి అటెట్టినారంట. ఆడు బతికుండగా ఆడికి ఎవులూ తాంబూలమియ్యనేదు. ఇప్పుడు నాకెందుకు? తీయండది."

ఆ నోటి దురదగాడు జనం వెనక్కి జారుకున్నాడు. కులపెద్ద పళ్ళాన్ని తీసుకెళ్ళి ఎక్కడో పెట్టాడు. ఆ తాంబూలం తర్వాత ఎవరు తీసుకున్నారో, పిల్లలు అరటిపళ్ళు తినేశారో, ఈ రోజు వరకు నాకు తెలియదు. అడిగినవాళ్ళు లేరు.

"బుట్టేదే అమ్మీ?" అని నన్ను అడిగాడు చిన్నాన్న.

లోపల అమ్మాయి అప్పటికే బుట్టలో కూర్చుని ఉంది. మా అన్నను చూడగానే దాని మొహం వెలిగి, వెంటనే ఏడుపులోకి మారింది. "ఎంతసేపయ్యింది మావయ్యా కూర్చుని!" అని కసిరింది. మా అన్న వంగి బుట్టకు ఒక పక్క చేతులు వేశాడు. రెండో పక్క పట్టడానికి ఇంకో మేనమామ ఉండాలి. మా పెదనాన్న కొడుకు ముందుకొచ్చాడు. చిన్నాన్న అతణ్ణి మోచేత్తో పక్కకు నెట్టాడు.

"ఇటుపక్క నా కొడుకు పట్టాల్సినాది" అన్నాడు. "ఆడి సోటు నాను పడతాను."

మా అన్న గతుక్కుమన్నాడు. "సిన్నాన్నా, నీ నడుం..."

"నోర్మూసుకుని ఎత్తరా!"

ఇద్దరూ ఎత్తారు. బుట్ట చిన్నాన్న వైపుకు ఒరిగింది. అమ్మాయి కంగారుపడి ఒక చేత్తో మా అన్న మెడను, ఒక చేత్తో ముసలాయన మెడను పట్టుకుంది. ఆయన పళ్ళు బిగబట్టి నడుస్తున్నాడు, మా అన్న ఆయన అడుగు చూసుకుని తన అడుగు వేస్తున్నాడు. మా బావగారు దారిలో జనాన్ని పక్కకు జరుపుతున్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వెనక నడిచాను. పందిరి మధ్యకు వచ్చేసరికి చిన్నాన్నకు ఆయాసం వచ్చింది. "దించీ సిన్నాన్నా, ఇంక సాలు" అన్నాడు మా అన్న. "ఇంకొంచెం ఎల్దాం" అన్నాడు ఆయన.